పైక్ కొరమీను కాదు

ఇరవై ఏడేళ్ళకే రిటైరయ్యానంటే మీరు నవ్వుకోవచ్చు. కెనడాలో ఈ కేంబ్రిడ్జ్ వేర్‌హౌస్‌లో నా పక్కన ప్యాలెట్లకు ప్లాస్టిక్ చుట్టే అమ్మాయిలు కూడా నవ్వుతారు. కానీ ఒక పనిలోకి దిగి, దాన్ని ప్రాణం పెట్టి నేర్చుకుని, చివరికి ఇక ఆ పడవ ఎక్కనని ఒడ్డుకొచ్చేస్తే దాన్ని ఇంకేమనాలో నాకు తెలీదు. నేను రెండు సీజన్లు ఉత్తర ఒంటారియోలో ఫిషింగ్ గైడ్‌ని. పెద్ద పైక్ చేపలు లోతు నీళ్ళలో ఎక్కడున్నాయో వెతికి, వచ్చినవాళ్ళ గాలానికి తగిలేలా చేయడం నా పని.

ఈ మధ్య కాలేజీ పిల్లలు ఇద్దరు ఫోన్ చేసి అడిగారు, "అక్కా, నార్త్‌లో లాడ్జ్‌లో జాబ్ వచ్చింది, పడవ మీదికి కూడా పంపిస్తారంట, వెళ్ళమంటావా?" అని. వెళ్ళమనే చెప్పాను. అప్లికేషన్ ఎలా పెట్టాలి, లెటర్ ఎవరిస్తారు, ఇక్కడే స్థిరపడే పీఆర్‌కి పనికొస్తుందా అన్నవి మాత్రం నన్నడగొద్దు. వాటికి వాట్సాప్ గ్రూపులున్నాయి, అక్కడ అందరూ లాయర్లే. నేను చదివింది ఇంటరు, ఆపైన ఇక్కడి రెండేళ్ళ డిప్లొమా. నాకు తెలిసింది ఒక లేక్, ఒక ముసలావిడ, ఒక చేప. అవే చెబుతాను.

బస్సు వెళ్ళని చోటు

నేను వచ్చిన ఏడు ప్రతి విమానం నిండా మనవాళ్ళే. మా కాలేజీ ఉన్న ఊరు చిన్నది. సూపర్ స్టోర్‌లో రెండు ఖాళీలు పడితే రెజ్యూమె పట్టుకున్న పిల్లల లైను పార్కింగ్ దాటి రోడ్డెక్కేది. మా బేస్‌మెంట్‌లో ఆరుగురు అమ్మాయిలం. పొద్దున్న ఎవరికి ఇంటర్వ్యూ ఉంటే వాళ్ళు నా నల్ల కోటు వేసుకెళ్ళేవాళ్ళు. అది నాకంటే ఎక్కువ ఇంటర్వ్యూలు చూసింది.

కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక చీటీ చాలా వారాలుగా ఎవరూ ముట్టుకోకుండా ఉండేది. లేక్ ఒడ్డున లాడ్జ్, ఎనిమిది క్యాబిన్లు, వేసవిలో శుభ్రం చేయడానికి మనిషి కావాలి. అక్కడికి బస్సు లేదు, అందుకే ఎవరూ వెళ్ళలేదు. నేను ఉత్తరాలు తీసుకెళ్ళే మెయిల్ క్యారియర్ బండిలో బతిమాలుకుని వెళ్ళాను.

లాడ్జ్ ఓనర్ పేరు డోరీన్. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూడాలి. ఆవిడ ఇంగ్లీషులో అన్న మాటలన్నీ నా తెలుగులోనే రాస్తున్నాను.

"ఈత వచ్చా?"

"వచ్చండి."

"చేప కోయడం వచ్చా?"

నాకు నవ్వొచ్చింది. "మా అమ్మ కైకలూరు మార్కెట్లో కొరమీను అమ్ముతుందండి. మాటలకంటే ముందు పొలుసు తీయడం నేర్చుకున్నాను."

ఆవిడ అక్కడి లేకుల్లో దొరికే వాలై అనే చేపను, కత్తిని నా ముందు పెట్టింది. కోసిచ్చాను. ముల్లు మీద ఎంత కండ మిగిలిందో వేలితో తడిమి చూసి, "రేపు ఏడింటికి రా. నీకు మాట్లాడకుండా పని చేయడం రాదు కదా?" అంది.

"రాదండి."

"సరే, క్యాబిన్లకు చెవులుండవు."

గడ్డిలో పోయిన వేసవి

ఒక వేసవి టాయిలెట్లు కడిగాక, రెండో ఏడు డోరీన్ నాకు చిన్న అల్యూమినియం పడవ ఇచ్చి, "నీ కాలికంటే పొడుగు పైక్‌ని చూపించు" అంది.

నా నమ్మకం చూడాలి అప్పుడు. పైక్‌ని మొదటిసారి చూడగానే ఇది మన కొరమీనుకు చుట్టమే అనుకున్నాను. అదే పొడుగు ఒళ్ళు, అదే బల్లపరుపు తల, అదే పళ్ళు, గడ్డిలో కదలకుండా పొంచి ఉండి ఒక్కసారి మీదపడే అదే గుణం. చిన్నప్పుడు కప్పపిల్లను గాలానికి గుచ్చి తూటికాడల మధ్య వేస్తే కొరమీను ఎలా గుంజేదో నా చేతులకు ఇంకా గుర్తే. అందుకని ఆ వేసవంతా ఒడ్డు గడ్డిలోనే తిరిగాను. రోజుకు పది పడేవి. అన్నీ ముంజేయంత. అక్కడ వాళ్ళు వాటిని సుత్తి పిడులంటారు.

జులై చివరిలో డోరీన్ నా పడవెక్కి కూర్చుంది.

"ఇక్కడే ఎందుకు తిరుగుతున్నావు?"

"గడ్డిలోనే కదండీ ఉంటాయి."

"పిల్లలు బడిలో ఉంటారు. పెద్దాళ్ళు పనికి పోతారు. మోటారు తిప్పు."

లేక్ నడిమధ్యకు తీసుకెళ్ళింది. చుట్టూ గడ్డిపోచ లేదు, రాయి లేదు, అడుగు తొంభై అడుగుల కింద. కొరమీను అక్కడ ఒక్క గంట ఉండమన్నా ఉండదు. "ఇక్కడ ఏముంటుందండీ, నీళ్ళు తప్ప?" అన్నాను. నీళ్ళ లోపల ఏముందో చూపించే సోనార్ స్క్రీన్ మీద ముప్ఫై అడుగుల లోతున తెల్లటి మబ్బులాంటిది కనిపించింది. దాని అంచు కింద గోరు గిల్లినట్టు ఒక వంపు గీత.

"మబ్బు వాటి అన్నం. ఆ గీత అమ్మగారు" అంది డోరీన్.

లోతులో వెతకడం అంటే

పని నేర్చుకోవాలనుకునేవాళ్ళకు నాకు తెలిసింది ఇది. వసంతంలో గుడ్లు పెట్టడానికి పెద్ద పైక్‌లు ఒడ్డుకొస్తాయి. నీళ్ళు వేడెక్కగానే ఆ ఒంటికి ఆ వేడి పడదు. లోపలికి వెళ్ళిపోతాయి. ఎండాకాలంలో లేక్ రెండు పొరలు అవుతుంది. పైన గోరువెచ్చటి నీళ్ళు దుప్పటిలా, కింద చల్లనీళ్ళు. ఆ రెండూ కలిసే చోట సిస్కో అనే వెండిరంగు చిన్న చేపలు గుంపులుగా తిరుగుతాయి. పెద్ద పైక్ ఆ గుంపు వెంట గొర్రెల వెంట తోడేలులా పోతుంది. అంటే మీరు పైక్‌ని వెతకక్కర్లేదు. దాని అన్నం ఎక్కడుందో వెతకాలి.

గాలి రెండు రోజులు ఒకే వైపు కొడితే గుంపు గాలి తోసిన వైపుకు పోతుంది. స్క్రీన్ మీద మబ్బు గుండ్రంగా నెమ్మదిగా ఉంటే దాన్ని ఎవరూ తరమట్లేదని. చిరిగిపోయి, ఒక పక్క బోలుగా ఉంటే ఎవరో ఇప్పుడే భోంచేశారని. అప్పుడు నడిచే వేగంతో పడవ పోనిస్తూ, జానెడున్నర రబ్బరు చేపను గుంపుకు నాలుగడుగులు పైన లాగాలి. కింద కాదు. పైక్ పైకి చూస్తుంది, కిందికి చూడదు. గాలానికి ముందు కట్టే లీడర్ తీగ స్టీలుదే ఉండాలి, లేకపోతే పళ్ళకు తెగిపోతుంది. గంటల తరబడి ఏమీ జరగదు. ఈ పనిలో ముప్పాతిక భాగం ఏమీ జరగని గంటలే. కస్టమర్లకు విసుగు రాకుండా నేను కబుర్లు చెప్పేదాన్ని. నా బుకింగులు పెరిగింది అందుకే కానీ, నేను గొప్ప గైడ్‌నని కాదు.

పైక్‌ని చంపకుండా వదిలేసే లేక్ అది. డోరీన్ దగ్గర రెండే రెండు నియమాలుండేవి.

మొదటిది తాడుకు కట్టిన థర్మామీటర్. పొద్దున్నే పైనీళ్ళలో వేసి, పాదరసం ఆగేదాకా ఓపిగ్గా చూడాలి. ఇరవై ఒక్క డిగ్రీలు దాటితే ఆ రోజు పైక్ లేదు, వాలై పట్టించాలి. ఎందుకంటే లోతులో చల్లగా బతుకుతున్నదాన్ని వేడినీళ్ళలోంచి పెనుగులాడిస్తూ పైకి లాగితే, వదిలాక ఈదుకుంటూ పోతుంది, మనం చప్పట్లు కొడతాం. తర్వాత ఎక్కడో చస్తుంది.

రెండోది ఊపిరి. చేపను నీళ్ళలోంచి ఎత్తిన క్షణంలో మనమూ ఊపిరి బిగబట్టాలి. మనకు గాలి కావాలనిపించినప్పుడు దానికి నీళ్ళు కావాలని. "గడియారం చూడకు, నీ రొమ్ము చూసుకో" అనేది.

మామ్మ

ఆ లేక్‌లో ఒక చేప ఉండేది. తోక పైరెక్కలో సగం లేదు. ఎప్పుడో ఏదో కొరికేసింది. డోరీన్ భర్త బతికున్న రోజుల నుంచి ప్రతి శరత్తులో ఒకసారి పట్టి, కొలిచి, వదిలేసేది. ఆవిడ దాన్ని ఓల్డ్ గర్ల్ అనేది, నేను మామ్మ అన్నాను. నా రెండో ఏడు అక్టోబర్లో మొదటిసారి చూశాను. నిలబెడితే నా భుజం దాకా వచ్చే చేప. డోరీన్ దాని పొట్ట కింద చెయ్యి పెట్టి నీళ్ళలోనే ఊపుతూ, "బాగా తింటున్నావే ముసలిదానా" అంది. ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

మూడో ఏడు మేలో ఆవిడ మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. రేవు మెట్ల మీద కూర్చుని నాకొక మాట చెప్పింది.

"వచ్చే ఏడు నుంచి నేను పడవెక్కను. పడవలు అద్దెకిచ్చే కంపెనీవాళ్ళు ఇవన్నీ అమ్మమని అడుగుతున్నారు. నాకు నీకివ్వాలనుంది."

నేను నోరు తెరిచాను.

"ఇంకా అవలేదు. లేక్ వేడెక్కుతోందని, సిస్కో తగ్గిపోతోందని పక్క లేకుల వాళ్ళు అంటున్నారు. ఈ అక్టోబర్లో ఆ ముసలిది కనిపిస్తే నా లేక్ బాగున్నట్టు. అప్పుడు పడవలు నీవి. కనిపించకపోతే కంపెనీకి అమ్మేస్తాను. చచ్చిపోతున్న లేక్‌ని నీ మెడకు కట్టను."

ఆ రోజు క్యాబిన్లోకి పోయి దుప్పటి నోట్లో కుక్కుకుని ఎగిరాను. మా బేస్‌మెంట్ ఆరుగురిలో సొంతంగా పని చెప్పుకునేది నేనే అవుతానని. స్టోర్ లైన్లో నిలబడ్డ పిల్లల్ని పిలిచి పడవ పని నేర్పిస్తానని. ఎవరెవర్ని పిలవాలో పేర్లు కూడా అనుకున్నాను.

ఆగస్టు

మూడో ఏడు ఆగస్టులో డోరీన్ మోకాళ్ళ డాక్టర్ కోసం రెండు రోజులు టౌనుకు వెళ్ళింది. వెళ్తూ కారు కిటికీలోంచి, "నీళ్ళు చూసుకో" అంది.

మర్నాడు నా మొదటి తెలుగు కస్టమర్లు వచ్చారు. శ్రీధర్ అంకుల్‌ది కరీంనగర్ దగ్గర, రిచ్‌మండ్ హిల్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నారు. లత ఆంటీ, పదహారేళ్ళ కూతురు మేఘన. నేను ముందురోజే వాలై పులుసు పెట్టి ఉంచాను. ఆంటీ మూత తీసి వాసన చూసి, "అడివిల చింతపండు యాడ దొరికిందమ్మా నీకు?" అన్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నాలుగు నెలలైంది పక్కన మనిషితో తెలుగు మాట్లాడి.

పొద్దున థర్మామీటర్ వేశాను. ఇరవై, ఇరవైన్నర, ఇంకా పైకి పోతోంది. దాన్ని ఆగనివ్వాలి. వెనక నుంచి అంకుల్, "ఏం బిడ్డా, జొరం చూస్తున్నవా లేకుకు?" అన్నారు. అందరం నవ్వాం. ఆ నవ్వులో తాడు లాగేశాను. ఎంత దగ్గర ఆగేదో నాకు తెలీదు. తెలుసుకోకుండా ఉండడానికే లాగాను, ఇప్పుడు దాచడం దేనికి.

"అంకుల్, ఈరోజు వాలై పడదామా? తినడానికి కూడా బాగుంటుంది."

"పదిహేను గంటలు డ్రైవ్ చేసి వచ్చినం. వాలై ఫ్రీజర్ల గూడ దొరుకుతది. పెద్దది చూపియ్యవా మాకు? తెలుగు పిల్ల గైడని మావోళ్ళందరికీ చెప్పి వచ్చిన."

ఆయన్ని తప్పుపట్టను. కస్టమర్ అడుగుతాడు. కాదనడానికే గైడ్ ఉండేది.

లేక్ మధ్యకు తీసుకెళ్ళాను. మబ్బు దొరికింది, ఒక పక్క చిరిగి ఉంది. మూడో చుట్టులో అంకుల్ రాడ్ వంగిపోయింది. ఆయన లాగుతున్నారు, ఆంటీ ఆయన చొక్కా పట్టుకుని లాగుతున్నారు, "ఇడువకుండ్రి, ఇడువకుండ్రి" అని. చాలాసేపు పోరాడింది. వేడినీళ్ళలోకి వచ్చాక ఒక్కసారిగా బరువైపోయింది. వల వేసి చూస్తే తోకలో సగం రెక్క లేదు.

ఆ క్షణంలో నాకేమనిపించిందో నిజం చెబుతాను. భయం కాదు. గర్వం. డోరీన్ అక్టోబర్లో వెతికేదాన్ని నేను ఆగస్టులో పట్టించానని.

ఎత్తాను. అంకుల్‌తో ఒక ఫోటో. ఆంటీతో ఒకటి. ఇద్దరితో ఒకటి. "నువ్వు గూడ రా బిడ్డా." అది ఇంకొకటి. తర్వాత సిగ్నల్ దొరికిందని అంకుల్ కరీంనగర్లో ఉన్న అన్నయ్యకు వీడియో కాల్ చేశారు.

"అన్నా, చూడు! మనిషంత ఉన్నది!"

"పులుసు పెడ్తరా?"

"లే అన్నా, ఇడిసిపెడ్తరంట!"

"ఇడిసిపెట్టనీకి పడ్తరా? పైసలిచ్చి?"

అందరం పగలబడి నవ్వాం. నేను ఆ అన్నయ్యకు దాని పళ్ళు చూపించాను, మొప్పలు చూపించాను, తోక కథ చెప్పాను, మాది కైకలూరు పక్కనని కూడా చెప్పాను. మాట్లాడే మనిషి ఊపిరి బిగబట్టలేదు. డోరీన్ రెండో నియమం అక్కడ పోయింది.

మేఘన ఒక్కతే అంది, "డాడ్, ఇట్స్ నాట్ మూవింగ్. పుట్ ఇట్ బ్యాక్."

దానికి నేను చెప్పిన జవాబు నాకు మాటకు మాట గుర్తుంది. "ఏం కాదమ్మా, గట్టి చేప ఇది. మా ఊళ్ళో ఇట్లాంటివి తడి గోనెసంచిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బతుకుతాయి."

బతికేది కొరమీను. అది గాలి పీలుస్తుంది. మా అమ్మ రేకు తట్టలో నీళ్ళు జానెడుంటే చాలు, అమ్ముడుపోయేదాకా తలెత్తి చూస్తూ ఉంటుంది. పైక్‌కి ఆ గుణం లేదు. ఈ సంగతి అప్పటికి నాకు ఏడాదిగా తెలుసు, డోరీన్ పదిసార్లు చెప్పింది. కానీ తెలియడం తలలో ఉంది. చేతుల్లో మాత్రం అమ్మ తట్టే ఉంది. నేను కొరమీనును పట్టుకున్న చేతులతోనే మామ్మను పట్టుకున్నాను.

నీళ్ళలో పెట్టి తోక పట్టుకుని ఊపాను. కాసేపు పక్కకు ఒరిగింది. తర్వాత ఒకసారి ఒళ్ళు విరుచుకుని మెల్లగా కిందికి పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేఘన కొట్టలేదు.

మర్నాడు వాళ్ళు వెళ్ళాక లేక్‌లో ఒక చిన్న ద్వీపం వెనక గల్ పక్షులు గుమిగూడితే వెళ్ళి చూశాను. వెల్లకిలా తేలుతోంది.

మధ్యాహ్నం డోరీన్ వస్తుంది. నేను ఆలోచించలేదు. లంగరు సంచిలోంచి రాళ్ళు తీసి, తాడుతో కట్టి, తొంభై అడుగుల చోట దింపేశాను. చివరగా కనిపించింది ఆ సగం తోకే.

"ఏమైనా పడ్డాయా?" అని అడిగింది డోరీన్ కారు దిగుతూ.

"వాలై" అన్నాను.

ఆ తర్వాత అంకుల్‌కి మెసేజ్ పెట్టాను, ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టకండి, మా స్పాట్ అందరికీ తెలిసిపోతుందని. ఆయన రహస్యం దొరికినంత సంబరపడి ఒప్పుకున్నారు.

ఆరు వారాలు

సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ చివరిదాకా డోరీన్ ప్రతిరోజూ పడవెక్కింది. మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని, నా భుజం పట్టుకుని దిగేది. నేను మోటారు దగ్గర, ఆవిడ ముందు సీట్లో నావైపు తిరిగి. మధ్యలో స్క్రీన్.

గైడ్‌గా నా పని ఎప్పుడూ అంత బాగా చేయలేదు. ప్రతి మబ్బునూ పట్టాను. చలికి సిస్కోలు గుడ్లు పెట్టడానికి రాతి దిబ్బల మీదికి వచ్చినప్పుడు ఆ దిబ్బలన్నీ తిప్పాను. పెద్ద పెద్ద పైక్‌లు పడ్డాయి. ప్రతిసారి రాడ్ వంగగానే డోరీన్ లేచి నిలబడబోయి, మోకాలు పట్టుకుని కూర్చునేది. వలలోకి వచ్చాక ముందు తోక చూసేది.

"కాదు" అనేది.

"రేపు పడుతుందిలెండి" అనేదాన్ని నేను.

ఆ మాట ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. ఒకరోజు వేళ్ళు కొంకర్లు పోయి ఫ్లాస్కు మూత కూడా తీయలేకపోతుంటే, "ఈరోజుకు వెళ్దామా?" అన్నాను.

"నీకు కావాల్సిన పడవలు కదా. నువ్వే వెళ్దామంటావేంటి?" అంది. వెక్కిరింపు కాదు. నాకోసమే వెతుకుతోంది.

చెప్పడానికి నాకు ఆరు వారాల టైముంది. ఎదురుగానే కూర్చుంది. రోజంతా వాగే మనిషిని నేను. చెబితే నేను పనికిరాని గైడ్‌నని తెలుస్తుంది, పడవలు రావు. చెప్పకపోతే లేక్ పనికిరానిదనుకుంటుంది, అప్పుడూ పడవలు రావు. ఎటూ రానివాటి కోసం ఎందుకు దాచానంటే, ఆవిడ కళ్ళల్లో నేను మంచి గైడ్‌గా మిగలాలని. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

అక్టోబర్ ఆఖరి రోజు రేవులో దిగాక డోరీన్ చాలాసేపు నీళ్ళవైపు చూసింది.

"అయిపోయింది. వాళ్ళు చెప్పింది నిజమే. ముందు పెద్దవి పోతాయి" అంది. "నీకు ఇవ్వట్లేదని బాధపడకు. నీ మంచికే."

థర్మామీటర్ తాడు విప్పి నా చేతిలో పెట్టింది. నేను తీసుకున్నాను. థాంక్యూ కూడా చెప్పాను.

కొత్తగా వెళ్ళేవాళ్ళకు

కంపెనీ వాళ్ళు రేవుకు కొత్త బోర్డు పెట్టారు. ఇప్పుడు ఆగస్టులో ఎవరైనా పడవ అద్దెకు తీసుకుని లేక్ మధ్యకు వెళ్ళొచ్చు. నీళ్ళెంత వేడిగా ఉన్నాయని అడిగే మనిషి రేవులో లేదు. డోరీన్ టౌనులో లిఫ్ట్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. నేను కేంబ్రిడ్జ్ వచ్చేశాను. ఒకసారి శ్రీధర్ అంకుల్ వాళ్ళు భోజనానికి పిలిస్తే వెళ్ళాను. హాల్లో ఆ ఫోటో ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు. దానికి వీపు పెట్టి కూర్చుని తిన్నాను.

ఇద్దరు పిల్లలు అడిగారని మొదట్లో చెప్పాను కదా. వాళ్ళకు నా సలహా ఇది. మన ఊళ్ళో మనకు తెలిసిన చేపను ఇక్కడి చేపలో చూడకండి. చూడటం తప్పదు, చూసినప్పుడు అనుమానించండి. చేపను పట్టించడం ఎవరైనా నేర్పిస్తారు. మనవాళ్ళు ప్రేమగా అడిగినప్పుడు కాదనడం ఎవరూ నేర్పరు. తప్పు చేస్తే ఆ సాయంత్రమే చెప్పేయండి. చేప ఒక్కసారే చచ్చింది. నా అబద్ధం వల్ల ఆవిడ దృష్టిలో లేక్ మొత్తం చచ్చిపోయింది.

ఇంతవరకూ రాసి ఆపాను. ఆవిడకు తెలుగు రాదు. ఆవిడ చదవలేని భాషలో ఇదంతా ఒప్పుకోవడం కూడా రాయి కట్టి ముంచడమే అనిపించింది. పోయిన ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేశాను.

"డోరీన్, లేక్‌కేం కాలేదు. మామ్మను చంపింది నేను" అన్నాను. ఆగస్టు, థర్మామీటర్, ఫోటోలు, రాళ్ళు, అన్నీ చెప్పాను. ఈసారి కబుర్లు కలపలేదు.

తిడుతుందనుకున్నాను.

"ఎంత లోతులో తగిలింది గాలానికి?" అంది.

"ముప్ఫై రెండు అడుగులు. గుంపుకు కాస్త పైన."

"గుంపు పెద్దదా?"

"స్క్రీన్ నిండా ఉంది."

"పొట్ట ఎలా ఉంది దానికి?"

"నిండుగా ఉంది. ముందు ఏడు చూసినప్పటికంటే లావుగా ఉంది."

అవతల కుర్చీ కిర్రుమంది.

"అయితే నా లేక్ బాగానే ఉందన్నమాట" అంది డోరీన్.

"బాగానే ఉందండి."

"ఆరు వారాలు నా ఎదురుగా కూర్చున్నావు."

"కూర్చున్నాను."

ఆ తర్వాత ఆవిడ ఏమీ అనలేదు, ఫోన్ కూడా పెట్టలేదు. సారీ అని, అది అని, ఇది అని నోటిదాకా ఎన్నో వచ్చాయి. పెదాలు బిగించాను. ఊపిరి బిగబట్టి, ఆవిడ మాట్లాడేదాకా అలాగే నిలబడ్డాను.